పదేళ్ళ గ్యారంటీ

ఏవమ్మో, ఏవయ్యో! వచ్చారా? పోయినవారం పసిపిల్ల ఏడుపు దగ్గర ఆపేసి పోయానని వారమంతా నన్ను తిట్టుకున్నారంటగా! అందులో ఒకాయన మరీనూ. "ఆ సుభానీకి మనసనేది లేదు, పిల్లని ఏడుస్తా వదిలేసి పోయాడు" అన్నాడంట. ఆయనెవరో నాకు తెలుసులే. సొంత కొడుకు ఎన్నో క్లాసు అని అడిగితే పెళ్ళాం మొహం చూసే రకం. మా ఇంటి పిల్ల మీద మాత్రం వల్లమాలిన ప్రేమ!

కంగారు పడమాకండి. ఏడుపు ఇంకా ఆగలా. మీరేం పోగొట్టుకోలా.

శనివారం పొద్దున తొమ్మిదింటికి మా అక్క రహమతున్నీసా ఇంటి వసారాలో ఇదీ వరస. పద్నాలుగు నెలల సఫూరా అమ్మమ్మ మెడని రెండు చేతులా కరుచుకుని, మొహం అటు తిప్పుకుని గుక్కపట్టి ఏడుస్తోంది. ఎదురుగా చేతులు చాపి నిలబడింది దాన్ని కన్నతల్లి. నా మేనకోడలు అర్ఫా. మా పరుపుల బజారు మొత్తానికీ మొదటి డాక్టరు. గురువారం రాత్రి ఎనిమిదింటికి డ్యూటీకి పోయిన మనిషి అప్పుడే ఇంటికొచ్చింది. మీరే లెక్కేసుకోండి. ముప్ఫై ఆరు గంటలు.

"అది నన్ను చూసే ఏడుస్తోందా మామా?"

"నిన్ను కాదే పిచ్చిదానా, నీ తెల్లకోటుని చూసి. సూదేస్తావని దాని భయం," అన్నా.

అర్ఫా కోటు విప్పి కుర్చీ మీదికి విసిరింది. మెళ్ళో గొట్టం తీసి దాని మీద పడేసింది. మళ్ళీ చేతులు చాపింది.

సఫూరా "అమ్మా" అంది. అర్ఫాని కాదు. అక్క మెడ ఇంకా గట్టిగా పట్టుకుని, మా అక్కని.

"ఇప్పుడేమంటావు మామా?"

యాభై ఎనిమిదేళ్ళొచ్చినాయి నాకు. నా నోట్లో జోకు నిండుకోవటం అదే మొదటిసారి.

"నిద్రమత్తులో ఉందిలే," అని అక్క పిల్లని తీసుకెళ్ళి బుజ్జి పరుపు మీద పడుకోబెట్టి జోకొట్టింది. ఆ పరుపు నా చేత్తో కుట్టిందే. పోయిన నెలే దూది మళ్ళీ ఏకి కొత్తగా కుట్టిచ్చా. దిష్టి తగలకుండా దర్గాలో చదివించి తెచ్చిన కాగితం కూడా లోపల పెట్టించింది మా అక్క. పిల్ల అటు ఒకసారి ఇటు ఒకసారి దొర్లింది. మీద పరిచిన ప్లాస్టిక్ పట్టా గరగరలాడింది. కాసేపటికి ఏడుపు ఆగింది.

చూశారా, ఆగింది! ఇక ఆ పెద్దమనిషిని ఇంటికెళ్ళి కొడుకు క్లాసు కనుక్కోమనండి.

ఏడుపు ఆగితే గొడవ మొదలైంది. అప్పుడే మిల్లులో నైట్ షిఫ్టు దిగి వచ్చాడు అర్ఫా మొగుడు ఇలియాస్. తల్లో, మీసాల్లో, కనుబొమల్లో దూది. ముసలోడి వేషం కట్టిన కుర్రోడిలాగున్నాడు. వస్తానే పెళ్ళాం మొహం చూశాడు, కుర్చీలో కోటు చూశాడు.

"మళ్ళీ ఏడ్చిందా?"

తువ్వాలు తీసి తల్లో దూది దులుపుకుంటా తనే అందుకున్నాడు.

"నేను చెప్పిందేగా నాలుగు నెలల్నుంచీ? మానెయ్. ఇంట్లో కూర్చో. నేను సంపాయిస్తన్నాగా."

"నువ్వు పన్నెండు గంటలు చేస్తే సంపాదన. నేను చేస్తే ఇల్లు పట్టని ఆడది. అంతేగా?"

"నువ్వు చేసేది పన్నెండు కాదు అర్ఫా. ముప్ఫై ఆరు."

"అదే కదా నేనూ అనేది! ఇంట్లో కూర్చోటానికి కాదు నేను చదివింది. ఎనిమిది గంటల ఉద్యోగం వచ్చింది, దానికి పోతానంటన్నా. పర్చూరు పక్కన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం. సోమవారం పదింటికి బాపట్లలో ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించాలి. చూపించకపోతే నా పేరు కొట్టేసి వెనకాల వాళ్ళని పిలుస్తారు. ఎన్నిసార్లు చెప్పాలి ఈ ఇంట్లో?"

"పర్చూరా!" అక్క లోపల్నుంచే అందుకుంది. "జలుబు బిళ్ళలు పంచటానికా నిన్ను డాక్టర్ని చేసింది? నేనూ మీ మామా దుమ్ము మింగి దూది ఏకింది ఇందుకేనా? ఇక్కడ నాలుగంతస్తుల ఆస్పత్రి. సెంటర్లో నీ బొమ్మతో ఫ్లెక్సీ కట్టారు. సోమవారం నైట్ ఇన్‌ఛార్జి చేస్తామంటన్నారు. రెండేళ్ళ అగ్రిమెంటు మీద సంతకం పెట్టటానికి నీకు చెయ్యి నొప్పా?"

"ఆ చెయ్యి ఏం చేసిందో తెలుసా అమ్మా నీకు?"

అర్ఫా గొంతు పెద్దగా లేదు.

"మంగళవారం యలమంద అని ముసలాయన వచ్చాడు. మిరపకాయల బస్తాలు మోసే మనిషి. షుగరు. నాలుగు యూనిట్లు ఇన్సులిన్ ఎక్కించమని రాయాలి. నలభై రాశా. సిస్టరు వెంకటేశ్వరమ్మ గారు చీటీ పట్టుకొచ్చి, 'అమ్మా, ఇది నలభయ్యేనా?' అని అడిగింది. చూస్తే నా చేతిరాతే. రాసినట్టు గుర్తే లేదు. ఆమె అడక్కపోతే ఆ ముసలాయన నిద్రలోనే పోయేవాడు. పొద్దున్నే నాకు దండం పెట్టి ఇంటికెళ్ళాడమ్మా. దండం పెట్టి!"

ఇలియాస్ మెట్టు మీద కూలబడ్డాడు.

"ఇంకో రెండు నెలలు అక్కడుంటే ఎవర్నో ఒకర్ని చంపుతా. ఫ్లెక్సీ అప్పుడు కూడా ఉంటదిలే."

"పనన్నాక పొరపాట్లు..." అక్క ఆ మాట అక్కడే తుంచి, ఇంకో ప్రశ్న అడిగింది. "మరి పర్చూరు పోతే పిల్లనెవరు చూస్తారు?"

"నేనే చూసుకుంటా. అక్కడే క్వార్టరు ఇస్తారు. సాయంత్రానికల్లా ఇంట్లో ఉంటా. నా పిల్ల నన్ను 'అమ్మా' అనాలి కదమ్మా, ఎప్పటికైనా?"

అక్క నిద్రపోతున్న పిల్ల మీద దుప్పటి సర్దింది. సర్దిందే మళ్ళీ సర్దింది.

నేను మధ్యలో దూరా. "మరి ఆ సర్టిఫికెట్లు తెచ్చుకుంటే పోలా?"

"ఎట్టా తేను మామా? చేరేటప్పుడు లాక్కుని బీరువాలో పెట్టారు. ఏడాది నిండితే ఇస్తామన్నారు. నిండి నెల దాటింది. అయినా అడిగితే ఎందుకంటారు. పోతున్నానని తెలిస్తే ఇక ఇయ్యరు. నాగజ్యోతి ఏడాది నిండక ముందే అడిగిందని నాలుగు నెలల్నుంచీ తిప్పుతున్నారు."

"ఓస్, ఇంతేనా! ఈ సుభానీ ఉన్నది దేనికే?"

ఇలియాస్ తలెత్తి చూశాడు. "నా పెళ్ళినాడు దిండులో ఎండుమిరపకాయలు పెట్టి కుట్టిన మనిషివి నువ్వు. ఆ రాత్రంతా తుమ్మతానే ఉన్నా. ఇంకా దీంట్లో కూడా వేలు పెట్టి చెడగొట్టమాక మావా."

"ఒరేయ్, ఆ మిరపకాయలకి కూడా గింజలు తీసి పెట్టానురా. అల్లుడివని."

ఎవరూ నవ్వలా. అర్ఫా మాత్రం నా వంక అదోలా చూసింది.

"నువ్వు డ్యూటీ రూముకి పరుపు కుట్టిచ్చావు, గుర్తుందా మామా?"

"గుర్తు లేకేం! వార్డుల్లోకి పన్నెండు పరుపులు ఆర్డరిచ్చారు. వాటితో పాటు పదమూడోది వాళ్ళకి చెప్పకుండా లోపలికి తోశాగా. మా అమ్మాయి బల్ల మీద పడుకుంటందని. మంచి దూది. ఎట్టా ఉంది?"

"మెత్తగా ఉంది. అదే వచ్చిన చిక్కు," అని లేచి పెరట్లోకి పోయింది. మళ్ళీ ఒక్క నిమిషంలో వచ్చి, పిల్ల కింద తడిసిన ప్లాస్టిక్ పట్టాని మెల్లిగా లాగి, ఉతకటానికి పట్టుకుపోయింది. పిల్లకి తను చెయ్యగలిగింది ఆ ఇంట్లో అదొక్కటే మిగిలినట్టు.

నేను చెప్పులేసుకున్నా.

నా పథకం వినండి. ఫ్లెక్సీలు కొట్టే నాగూర్ వలి నా జట్టు. వాడి చేత కంప్యూటర్లో ఒక బొమ్మ చేయించి నా ఫోన్లోకి పంపించుకున్నా. "పత్తి వర్తకుల సన్మాన సంఘం వారి మహిళా శక్తి పురస్కారం, డాక్టర్ అర్ఫా గారికి." పైన ఆస్పత్రి పేరు అడుగెత్తు అక్షరాలతో. అట్టాంటి సంఘం ఈ భూమ్మీద లేదు. దానికి అధ్యక్షుడు నాగూర్ వలి, కార్యదర్శి నేను.

నాలుగు దిండ్లు భుజాన వేసుకుని పన్నెండింటికి ఆస్పత్రిలోకి పోయా. దిండ్లు మోసే వాణ్ణి ఏ సెక్యూరిటీ ఆపడు. కావాలంటే మీరూ చేసి చూడండి.

మేనేజరు గదికి పోతా పోతా దారిలో డ్యూటీ రూము తలుపు తోశా. గోడకి కొత్త బోర్డు. "వైద్యుల సంక్షేమ గది." కింద నా పరుపు. దాని మీద డాక్టర్ నాగజ్యోతి. బూట్లు కాళ్ళకే ఉన్నాయి. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో సగం తిన్న ఇడ్లీ. ఇడ్లీ పట్టుకునే నిద్రపోయింది ఆ తల్లి. నేను తలుపు తీసిన చప్పుడుకే లేచి కూర్చుని, కళ్ళు తెరవకుండానే, "ఏ బెడ్డు?" అంది.

"ఏ బెడ్డూ కాదమ్మా. పరుపు కుట్టినోణ్ణి. పడుకో," అన్నా.

పడుకోలా. లేచి వెళ్ళిపోయింది. ఇడ్లీ పరుపు మీదే ఉంది.

మేనేజరు చెంచురామయ్య గారి గదిలో చల్లగా ఉంది. వెనకాల గోడ మీద పెద్ద అట్ట, దాని మీద డాక్టర్ల పేర్లు, పేర్ల పక్కన మెచ్చుకోలు కింద అంటించిన బంగారు రంగు చుక్కలు. అర్ఫా పేరు పక్కన పదకొండు. నాగజ్యోతికి నాలుగు. మిగతావాళ్ళకి అటూ ఇటూ.

"రావయ్యా సుభానీ! కూర్చో. నీ పరుపు భలే పని చేసిందయ్యా."

"చిత్తం. నిద్ర బాగా పడుతోందాండీ డాక్టర్లకి?"

"నిద్ర కాదయ్యా, ఉత్పాదకత! ఇదివరకు డ్యూటీ అవగానే ఇంటికి పరిగెత్తేవాళ్ళు. ఇప్పుడా బాధ లేదు. పడుకోటానికి ఇక్కడే చోటుంది, భోజనం ఇక్కడే, స్నానం ఇక్కడే. ఇరవై నాలుగు గంటల డ్యూటీ ముప్ఫై ఆరు చేశాం. ఒక్కళ్ళు కిక్కురుమన్లా. పెద్దసారు కూడా అన్నారు, 'ఎవరయ్యా ఈ పరుపు ఐడియా?' అని."

నేను నవ్వా. ముప్ఫై ఏళ్ళు మనుషుల్ని ఆటపట్టించినోడి మొహం కదా, దానంతటదే నవ్వుద్ది. నేను వాళ్ళ కళ్ళుగప్పి లోపలికి తోశాననుకున్న పరుపు. అది మా పిల్లకి పన్నెండు గంటలు ఎక్కువ తెచ్చింది.

ఐనా వచ్చిన పని వదలకూడదు కదా. ఫోను తీసి బొమ్మ చూపించా. చెంచురామయ్య గారు కళ్ళజోడు పెట్టుకుని ఆస్పత్రి పేరు మూడుసార్లు చదువుకున్నాడు.

"అక్షరాలు ఇంకొంచెం పెద్దవి చేయించొచ్చుగా?"

"చేయిస్తానండీ. దానికేం భాగ్యం! ఒక్కటే చిక్కు. సన్మానం నాడు స్టేజీ మీద అమ్మాయి ఒరిజినల్ సర్టిఫికెట్లు పేర్చి ఫోటో తియ్యాలంట. సంఘం రూలు. సోమవారం తీసుకెళ్ళి, సాయంత్రానికి నేనే తెచ్చి అప్పజెపుతా."

చెంచురామయ్య గారు నా వంక వింతగా చూశాడు.

"నా దగ్గరెక్కడివయ్యా? ఎప్పుడో ఇచ్చేశాంగా!"

"ఇచ్చారా? ఎవరికి?"

ఆయన సొరుగులోంచి రిజిస్టరు తీసి, వేలు తడి చేసుకుని పేజీలు తిప్పి, నా ముందుకి తోశాడు.

"పోయిన నెల పదకొండు. చూడు. ఏడాది నిండింది, ఇక డాక్టరమ్మకి ఇచ్చెయ్యాలి అనుకుంటా ఉన్నాం. ఈలోపు మీ అక్కగారు మధ్యాహ్నం క్యారేజీ తెచ్చి, 'ఏడాది నిండింది కదండీ, కాయితాలు నాకివ్వండి, ఇంట్లో భద్రంగా ఉంటాయి' అన్నారు. డాక్టరమ్మ ఒప్పుకుంటున్నట్టు చీటీ కావాలన్నా. ఇంకో పది కాయితాలతో కలిపి పంపితే సంతకం చేసి పంపింది. చదివే తీరికెక్కడిదిలే పాపం! మీ అక్కగారు మంచి మనిషయ్యా. 'మా అమ్మాయి ఎక్కడికీ పోదండీ, కొత్త అగ్రిమెంటు మీద సంతకం నేనే పెట్టిస్తా' అని నాకు మాటిచ్చారు."

రిజిస్టర్లో రహమతున్నీసా అని తెలుగులో ఉంది. గుండ్రంగా, ఒక్కో అక్షరం విడివిడిగా. ఆ రాత నాకు తెలుసు. చిన్నప్పుడు నా పలక మీద నాకు అక్షరాలు దిద్దించిన రాత అది. పక్కన పిన్ను పెట్టిన చీటీ మీద అర్ఫా సంతకం. కింద జారిపోయిన గీత. నిద్రలో గీసిన గీత.

"మరి ఫ్లెక్సీ ఎప్పుడు కడతారు?" చెంచురామయ్య గారు అడిగాడు.

"కడతామండీ," అని లేచా. దిండ్లు అక్కడే మర్చిపోయా.

ఇంటికొచ్చేసరికి నాలుగైంది. ఇలియాస్ పై గదిలో నిద్ర. అర్ఫా వసారాలో గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోతోంది. చేతులు ఇంకా సబ్బువాసన వస్తన్నాయి. ఉతికిన ప్లాస్టిక్ పట్టా పెరట్లో తీగ మీద ఆరతా ఉంది. దాని కింద నీడలో అక్క మిరపకాయలు ముందేసుకుని తొడిమలు తీస్తోంది. మిర్చి యార్డు నుంచి బస్తా తెచ్చుకుని తీసిచ్చే పని. కూతురు డాక్టరైనా మానలా. మానమంటే, "ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుద్దిరా" అంటది.

పక్కన కూర్చున్నా. నేనూ ఒక కాయ తీసుకుని తొడిమ గిల్లా.

"అక్కా, చెంచురామయ్య గారు నీ చేతిరాత ముత్యాల్లాగుందన్నాడు."

ఆమె చెయ్యి ఆగింది. ఒక్క క్షణమే. మళ్ళీ కదిలింది.

"ఆయన్నెందుకు కలిశావు?"

"కాయితాలు ఎక్కడ పెట్టావక్కా?"

"మెల్లిగా మాట్లాడు. అది లేస్తది."

"లేస్తే ఇంకా మంచిది. నువ్వే చెప్పు దానికి."

అక్క నా వంక చూడలా. కాయల్ని చూస్తా మాట్లాడింది.

"ఒరేయ్ సుభానీ. నువ్వు మగాడివి. నీకేం తెలుసు. నెల పిల్లప్పుడు దాన్ని నా ఒళ్ళో పెట్టి పోయింది. దానికి మొదటి పన్ను వచ్చింది నా వేలు కొరికేటప్పుడు. మొదటి అడుగు వేసింది ఈ తీగ కిందే. అది నన్ను అమ్మా అంటే, తప్పే, అమ్మమ్మా అను అని ఎన్నిసార్లు దిద్దానో అల్లాకి తెలుసు. ఆ తర్వాత దిద్దటం మానేశా. మానేశా, అంతే. ఇప్పుడు పర్చూరు తీసుకుపోద్దంట. క్వార్టరు ఇస్తారంట."

"పాతిక కిలోమీటర్లే అక్కా. బస్సెక్కితే గంట."

"గంటా? నా మెడ మీద చేతులేసి పడుకోవటానికి గంట బస్సెక్కి పోవాలా నేను?"

"ముసలాయన చచ్చిపోయేవాడక్కా. పొద్దున విన్నావుగా."

అక్క కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. మిరపకాయల ఘాటో ఇంకేందో నేను అడగలా.

"నేను రాయలేదుగా ఆ నలభై," అంది చివరికి.

ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. "నువ్వు రాయలా. దాని చేత్తో రాయించావు. అది చదవకుండా సంతకం పెట్టేంత నిద్రలో ఉందని నీకు ముందే తెలుసు. తెలిసే క్యారేజీ పట్టుకెళ్ళావు."

సరిగ్గా అప్పుడే సఫూరా మధ్యాహ్నం నిద్ర లేచింది. పరుపు మీద నుంచి దిగి, గడప దాటి, పాక్కుంటా, లేస్తా, పడతా పెరట్లోకి వచ్చింది. "అమ్మా" అని రెండు చేతులూ చాపింది అక్క వైపు.

అక్క రెండు చేతులూ వెనక్కి లాక్కుంది. "రావొద్దు తల్లీ, రావొద్దు. మిరపకాయలు. కళ్ళు మండుతాయి!"

పిల్లకి ఆ మాట అర్థం కాలా. అమ్మమ్మ చేతులు దాచేసుకోవటం మాత్రం అర్థమైంది. మొహం ముడుచుకుని, పెదవి వణికించి, అట్టానే నిలబడిపోయింది. నా చేతులు చూసుకున్నా. నేనూ తొడిమలు గిల్లినోణ్ణే. నావీ పనికిరావు.

ఏడుపుకి అర్ఫా లేచొచ్చింది. మాట్లాడకుండా పిల్లనెత్తుకుంది. సఫూరా పెనుగులాడింది, తల అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఆ పెరట్లో శుభ్రంగా ఉన్న చేతులు అవే. కాసేపటికి అలిసిపోయి అర్ఫా భుజం మీద చెంప ఆనించింది.

అర్ఫా కదల్లా. ఊపిరి తీసుకుంటే దిగిపోద్దేమోనన్నట్టు నిలబడింది. తర్వాత అడుగులో అడుగేసుకుంటా లోపలికెళ్ళి, పిల్లని బుజ్జి పరుపు మీద పడుకోబెట్టి, తనూ తల ఆ పరుపు అంచునే ఆనించి నేల మీద పడుకుంది. పిల్ల చెయ్యి తల్లి మెడ మీద పడింది.

గుమ్మంలో నిలబడి చూస్తున్నా నేను. గట్టిగా నవ్వాలనిపించింది, ఏడవాలనిపించింది.

సఫూరా పక్కకి దొర్లింది.

గరగర.

నేను వెనక్కి తిరిగి చూశా. ప్లాస్టిక్ పట్టా తీగ మీద ఆరతానే ఉంది.

పిల్ల ఇంకోసారి కదిలింది. పరుపు లోపల మళ్ళీ గరగర.

అప్పుడు తెలివొచ్చింది నాకు. పోయిన నెల అక్క నా కొట్టుకొచ్చి ఆకుపచ్చ గుడ్డలో చుట్టిన పొట్లం చేతికిచ్చింది. "దర్గాలో చదివించాను. విప్పమాక, విప్పితే ఫలం పోద్ది. దూది రెండు పొరల మధ్యన పెట్టి కుట్టు." పళ్ళెమంత పొట్లం! తాయెత్తు కాగితం అంత ఎందుకుంటదని ఏ తెలివైనోడైనా అడుగుతాడు. నేను అడిగా కూడా. జోకులాగా.

కొట్టు తాళాలతో పాటు చిన్న కత్తెర ఎప్పుడూ నా జేబులో ఉంటది. తీసి టిక్కుమని తెరిచా. ఒక అంచు విప్పితే చాలు, సోమవారం దక్కుద్ది. కానీ అంచు మీద అర్ఫా తల ఉంది. నాలుగు నెలల్లో మొదటిసారి తల్లీ పిల్లా ఒక పక్క మీద నిద్రపోతున్నారు. విప్పాలంటే లేపాలి. లేపితే ఎవరు దాచారని అడుగుద్ది.

అక్క నా వెనకే వచ్చి నిలబడింది. చేతులు ముట్టుకోకుండా దూరంగా పట్టుకుని, కత్తెర వంక చూస్తా, వద్దన్నట్టు తలూపింది. తర్వాత ఊపటం మానేసి కళ్ళు మూసుకుంది. కొయ్యమనో వద్దనో నాకు తెలీలా.

"మామా," అంది అర్ఫా. కళ్ళు తెరవలా. డ్యూటీ డాక్టర్లకి చప్పుడుకే మెలకువొస్తది కదా. "కత్తెరెందుకు? సర్టిఫికెట్లు దొరికాయా?"

కత్తెర మూసి పిడికిట్లో దాచా.

"చెప్పు మామా. బీరువాలో లేవా? మరి ఎవరి దగ్గరున్నాయి?"

మీ అమ్మ దాచిందే అని చెప్పటానికి ఎంతసేపు! కానీ దిండులో వస్తువు పెట్టి కుట్టి ఏమార్చే విద్య మా అక్కకి నేర్పింది నేను. ఆ పొట్లం చూసి "ఏందక్కా, దర్గా తలుపు ఊడబీక్కొచ్చావా?" అని పగలబడి నవ్వింది నేను. బిస్మిల్లా అని లోపల పెట్టి, నాలుగంచులూ రెండు వరసలు కుట్టి, పదేళ్ళదాకా ఊడదు, నాది గ్యారంటీ అని చెప్పి, చివర్న దారం పళ్ళతో కొరికింది కూడా నేనే.